పెరట్లో పిట్టలతో తగవు

పిల్లలూ! మీ పెరట్లో ఒక జామచెట్టు ఉన్నదనుకోండి. "ఈ పండు రేపు కోసుకుందాం" అని మీరు కొమ్మమీద గురుతు పెట్టుకుంటారు. తెల్లవారేసరికి దాన్ని చిలక కొరికి ఉంటుంది. కొరికినది మొత్తం తింటుందా అంటే, అదీ లేదు. సగం తిని, సగం కింద పడేసి, పక్క పండు మీదికి పోతుంది. అమ్మ విత్తిన పెసలు మొలక పైకి రాకముందే పావురాలు ఏరుకుపోతవి. కుండీలో టమాటా ఎర్రబడటమే ఆలస్యం, పిగిలిపిట్ట వచ్చి ముక్కుతో పొడుస్తుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు, "ఈ పిట్టల పీడ ఎట్లా వదులుతుందిరా భగవంతుడా!" అంటారు.

ఈ తగవు ఇవాళ్టిది కాదు. మనిషి మొట్టమొదట చేను విత్తిన నాటినుంచీ ఉన్నది. దీన్ని తీర్చటానికి అతడు ఎన్నో ఉపాయాలు పన్నాడు. వాటిలో కొన్ని పారినవి, కొన్ని పారలేదు. ఒకటి మాత్రం తిరిగి మనిషి మెడకే చుట్టుకున్నది. అవన్నీ తెలుసుకుంటే, మన పెరట్లో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మనకే తెలిసివస్తుంది.

మంచె మీద కాపలా

చేలో నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, నీడకు తాటాకో గడ్డో కప్పితే అది మంచె. జొన్నకంకి పాలుపోసుకున్న నాటినుంచి కోత అయ్యేదాకా దానిమీద ఎవరో ఒకరు కూచుని ఉండవలసిందే. చేతిలో వడిసెల ఉంటుంది. వడిసెల అంటే తాడుతో అల్లిన చిన్న ఉయ్యాల వంటిది. నడుమ రాయి పెట్టి, రెండు కొసలూ పట్టుకుని గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి రివ్వున పోతుంది. ఆ రాయి పిట్టకే తగలాలని కాదు; ఆ చప్పుడుకూ, మనిషి కేకకూ మంద లేచిపోవాలని. (మీరు మాత్రం వడిసెల జోలికి పోకండి. అది పిట్టకు తగలకపోయినా పక్కవాడి కంటికి తగలవచ్చు.)

శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే "గాథాసప్తశతి"లో కూడా చేలకు కాపలా కాసే పడుచులు కనిపిస్తారు. సుబ్రహ్మణ్యస్వామి కథలో వల్లీదేవి కొండమీద కొర్రచేలో చిలకలను తోలుతూ ఉండగానే స్వామి ఆమెను చూశాడు. కాపలా అంత పాత పని అన్నమాట.

మంచె కాపలాలో ఒక కిటుకు ఉన్నది. పిట్టలు రోజంతా ఒకే విధంగా తినవు. రాత్రంతా వాటి కడుపు ఖాళీగా ఉంటుంది. అందుచేత తెల్లవారగానే తిండికి ఎగబడతవి. ఎండ ముదిరితే నీడకు చేరతవి. మళ్లీ రాత్రి గడవటానికి కావలసినంత తినాలి కనుక, పొద్దు వాలేటప్పుడు ఇంకొకసారి వస్తవి. కాబట్టి రోజంతా కాపలా కాయలేనివాళ్లు పొద్దున రెండు గంటలూ, సాయంకాలం రెండు గంటలూ కాసినా చాలావరకు పంట దక్కుతుంది. మీరు బడికి పోయేముందు కాసేపూ, వచ్చిన తరవాత కాసేపూ పెరట్లో తిరిగితే, అది గడ్డిబొమ్మ రోజంతా నిలబడినదానికంటె ఎక్కువ పని చేస్తుంది.

గడ్డిబొమ్మ ఎందుకు ఓడిపోతుంది?

చొక్కా తొడిగి, కుండకు కళ్లూ మీసాలూ గీసి తల పెట్టిన బొమ్మను మీరు చేలలో చూసే ఉంటారు. మొదటి రోజున పిట్టలు దాన్ని చూసి జడిసిపోతవి. రెండో రోజున దూరంగా కూచుని చూస్తవి. వారం తిరిగేసరికి ఏ కాకో వచ్చి దాని తలమీదనే కూచుని, ముక్కు రాసుకుంటుంది!

ఇదెట్లా జరుగుతుంది? "నాన్నా, పులి!" అని అరిచిన కుర్రవాడి కథ మీకు తెలుసుకదా. పులి రాకుండానే రెండుసార్లు అరిచాడు. మూడోసారి నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ రాలేదు. పిట్టలూ అంతే. వాటికి ప్రతి క్షణమూ విలువైనదే. ప్రతి బెదురుకూ ఎగిరిపోతే తిండి ఉండదు. అందుచేత ఏది నిజంగా మీదపడుతుందో, ఏది ఊరికే నిలబడి ఉంటుందో అవి కనిపెట్టి గుర్తుంచుకుంటవి. బొమ్మ రాయి విసరదు, కేక వెయ్యదు, అడుగు కదపదు. ఇక దానికి భయమెందుకు?

జపానువాళ్ల దేవతలలో కుయెబికో అనే గడ్డిబొమ్మ దేవుడున్నాడు. 712వ సంవత్సరంలో పూర్తి అయిన "కోజికి" అనే పుస్తకంలో ఆయన కథ ఉన్నది. ఆయన నడవలేడు. కాని ఒక్కచోటనే నిలబడి లోకాన్నంతా చూస్తాడు కనుక ఆయనకు తెలియని సంగతి ఉండదట. నడవలేకపోవటం దేవుడికి లోటు కాకపోవచ్చు. కాని మన బొమ్మకు అదే పెద్ద లోటు.

అయితే ఈ లోటును కొంత పూడ్చవచ్చు. రెండు మూడు రోజులకొకసారి బొమ్మను చోటు మార్చండి. చొక్కా మార్చండి. గాలికి ఊగేటట్టు చేతులకు గుడ్డపీలికలు కట్టండి. అన్నిటికంటె ముఖ్యం, అప్పుడప్పుడు బొమ్మ ఉన్నచోటనే మీరు నిలబడి చప్పట్లు కొట్టండి. నిజమైన మనిషి ఏదో, బొమ్మ ఏదో తేలక పిట్టలు మరి నాలుగు రోజులు వెనకాడతవి. టిన్ను డబ్బాల మోతా, వేలాడదీసిన పాత సీడీల తళుకూ ఇంతే. కొత్తలో పనిచేస్తవి, పాతబడితే పనిచెయ్యవు.

రైతులు చేలకు కట్టే తళుకు రిబ్బను కూడా ఈ కోవలోదే. ఒక పక్క ఎరుపూ, ఒక పక్క వెండిరంగూ ఉన్న సన్నని రిబ్బనును గుంజల మధ్య రెండు మూడు మెలికలు వేసి, పంటకంటె కొంచెం ఎత్తున కడతారు. ఎండకు తళతళలాడుతుంది, గాలికి జుమ్మని మోగుతుంది. కంటికీ చెవికీ కూడా బెదురు కనుక ఒట్టి బొమ్మకంటె ఇది మెరుగు. కాని దీన్ని గింజ పాలుపోసుకునే రోజులలో కట్టాలేగాని, విత్తిన నాడే కట్టి వదిలేస్తే సమయానికి పాతబడిపోతుంది.

మిరపకారం చల్లితే పోతవా?

మొక్కలమీద కారం కలిపిన నీళ్లు చల్లితే పిట్టలు రావని చాలామంది అనుకుంటారు. కారం మన నోటిని మండించినట్టే పిట్ట నోటిని కూడా మండిస్తుందని వారి ఊహ. ఇది పొరపాటు. చిలక పండుమిరపకాయను హాయిగా కొరుక్కుతింటుంది. దాని కళ్లవెంట ఒక్క చుక్క నీరు కారదు!

కారణం ఏమిటంటే, మిరపకాయలో కాప్సైసిన్ అనే పదార్థం ఉన్నది. మన నోటిలో వేడిని కనిపెట్టే ఒక ఏర్పాటు ఉన్నది. కాప్సైసిన్ పోయి దానికి తగులుకోగానే, నోరు కాలుతున్నదని మన మెదడుకు కబురు పోతుంది. నిజానికి నోరు కాలటం లేదు. ఎలుకకూ, ఉడతకూ, ఆవుకూ కూడా ఇంతే. కాని పక్షులలో ఆ ఏర్పాటు కొంచెం వేరుగా ఉన్నది. కాప్సైసిన్ దాన్ని కదిలించలేదు.

దీని వెనక మిరపమొక్క తెలివి ఉన్నది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు అడవిమిరపను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2001లో ఒక సంగతి బయటపెట్టారు. ఎలుకజాతి జంతువుల కడుపులోకి పోయిన మిరపగింజలు మొలకెత్తలేదు. పిట్టల కడుపులోనుంచి వచ్చిన గింజలు చక్కగా మొలిచినవి. అంటే కారం ఎలుకను తరిమి, పిట్టను మాత్రం భోజనానికి పిలుస్తుంది. మిరప మన దేశపుది కాదు. అమెరికా ఖండాలనుంచి పోర్చుగీసువాళ్ల ఓడలలో మనకు వచ్చింది. కాని దానికి ముందు, అడవిలో దాన్ని ఊరూరా తిప్పినది పిట్టే. కనుక కారం నీళ్లు ఉడతమీద పనిచేస్తే చెయ్యవచ్చు, పిట్టమీద చెయ్యవు.

ఎరుపు రంగు ఒక కబురు

పచ్చికాయ ఆకులలో ఆకుగా కలిసిపోయి ఉంటుంది. పండగానే ఎర్రగానో, పసుపుగానో, నల్లగానో మారుతుంది. ఎందుకు? లోపలి గింజలు ముదిరినవి, ఇక తినవచ్చు అని చెట్టు పిట్టకు చెప్పే కబురు అది. మన కంటిలో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. చాలా పక్షుల కంటిలో నాలుగు రకాలు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా వాటికి కనిపిస్తుంది. కనుక పండు పండిన సంగతి మనకంటె ముందు పిట్టకే తెలుస్తుంది. తెల్లవారేసరికి మీ జామపండు కొరికి ఉండటంలో వింత లేదు.

ఈ సంగతి తెలిస్తే టమాటాకు తేలికైన ఉపాయం దొరుకుతుంది. కాయ అడుగున లేత ఎరుపు తిరగగానే కోసెయ్యండి. దాన్ని ఒక కాగితంలో చుట్టి, పక్కన పండిన అరటిపండు ఒకటి పెట్టండి. పండుతున్న పండ్లనుంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుంది. అది పక్కనున్న కాయలను కూడా పండిస్తుంది. నాలుగైదు రోజులలో మీ టమాటా ఇంట్లోనే ఎర్రబడుతుంది. కబురు పిట్టకు అందకముందే కాయను మనం దాచేశామన్నమాట.

మొక్కజొన్నకు రైతులు ఇటువంటిదే ఒక పని చేస్తారు. గట్టు పక్కన ఉన్న నాలుగు సాళ్లలో పొత్తులను ఆ మొక్క ఆకులతోనే చుట్టి ముడివేస్తారు. చిలకలు గట్టుమీది చెట్లనుంచి దిగి ముందు ఈ సాళ్లనే చూస్తవి. పొత్తు కనిపించకపోతే అక్కడినుంచే వెనక్కు మళ్లుతవి. దీనికి కాణీ ఖర్చు లేదు.

మొక్కలు తమంతట తాము కాపాడుకోవటం కూడా కద్దు. కొన్ని సజ్జకంకులకు ఒళ్లంతా ముళ్లవంటి నూగు ఉంటుంది. పిట్టకు వాటిమీద కూచోవటమూ కష్టమే, గింజ పీకటమూ కష్టమే. కొన్ని ఎర్రజొన్న రకాల గింజలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తెల్లజొన్న దొరికినంతవరకు పిట్టలు ఆ వగరు గింజను ముట్టవు. అయితే ఆ వగరు మన నాలుకకూ తగులుతుంది. పిట్టకు చేదయినది మనకు తీపి కావాలంటే ఎట్లా?

కప్పటం, మూయటం

బెదిరింపులకంటె అడ్డం పెట్టటమే గట్టి ఉపాయం. విత్తనం మొలకెత్తే వారం పది రోజులూ మడిమీద ముళ్లకంపో, తాటాకో, బోర్లించిన పాత జల్లెడో ఉంచండి. మొలక రెండు ఆకులు వేశాక తీసెయ్యవచ్చు. జామ, దానిమ్మ వంటివాటికి కాయ నిమ్మకాయంత అయినప్పుడే కాగితపు సంచో, పల్చని గుడ్డసంచో కట్టండి. పొద్దుతిరుగుడు పువ్వు గింజ పట్టాక దానికి పల్చని గుడ్డ ముసుగు వేస్తే సరిపోతుంది.

వల కప్పటం అన్నిటికంటె ఖాయం. కాని, వల పొరపాటుగా కడితే ప్రాణాలు తీస్తుంది. అందుకని నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: వలకన్నులో మీ చిటికెనవేలు దూరితే ఆ వల పనికిరాదు. పిట్ట తల, పాము మెడ, తొండ కాలు అందులో ఇరుక్కుంటవి.

రెండు: వలను మొక్కమీద వదులుగా పడెయ్యకూడదు. గుంజలు పాతి, వాటిమీద మద్దెల చర్మంలాగా బిగించి కట్టాలి. మొక్కకు జానెడు ఎడం ఉంటే, పిట్ట పైనుంచి పొడిచినా కాయ అందదు.

మూడు: పువ్వులున్నప్పుడు వల వెయ్యకూడదు. బీర, సొర, గుమ్మడి వంటివాటికి తేనెటీగలు వచ్చి వాలితేనే కాయ పడుతుంది. పిందె పడ్డాకనే వల.

నాలుగు: పొద్దునా సాయంకాలమూ వలను చూసిరావాలి. ఏదైనా చిక్కుకుంటే దాన్ని లాగవద్దు. దానిమీద గుడ్డ కప్పితే అది కదలకుండా ఉంటుంది. పెద్దవాళ్లను పిలిచి కత్తెరతో దారాలు కత్తిరించమనాలి. పాము అయితే మీరు దగ్గరికే పోకూడదు.

గాలిపటాల మాంజా దారాన్ని ఎన్నడూ పెరట్లో కట్టకండి. అది రెక్కలను కోసేస్తుంది. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానం 2017లో దేశమంతటా నిషేధించింది కూడాను.

పిచ్చుకలతో యుద్ధం

ఇక, మెడకు చుట్టుకున్న ఉపాయం సంగతి.

1958లో చైనా ప్రభుత్వం నాలుగు చీడలను రూపుమాపాలని ప్రజలకు పిలుపు ఇచ్చింది. అవి ఎలుకలు, ఈగలు, దోమలు, పిచ్చుకలు. పిచ్చుకలు ఏం తప్పు చేసినవి? ధాన్యం తింటున్నవి. ప్రతి పిచ్చుక తినే గింజలను లెక్కగట్టి, అవి లేకపోతే ఎంతో ధాన్యం మిగులుతుందనుకున్నారు. ఊళ్లకు ఊళ్లు కదిలినవి. బడిపిల్లలు కూడా వీధులలోకి వచ్చి డప్పులూ, గిన్నెలూ, పళ్లాలూ మోగించారు. ఎక్కడా వాలనివ్వకపోయేసరికి, పిచ్చుకలు ఎగిరి ఎగిరి అలసి నేలరాలినవి. గూళ్లు పీకారు, గుడ్లు పగలగొట్టారు. లెక్కలేనన్ని పిచ్చుకలు చచ్చిపోయినవి.

తరవాత ఏమయింది? పంటలమీద పురుగులు విజృంభించినవి. పిచ్చుకల కడుపులు కోసి చూసిన శాస్త్రజ్ఞులు, వాటిలో గింజలే కాదు, పురుగులు కూడా ఉన్నవని చూపించారు. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా, గూటిలోని పిల్లలకు మాత్రం పురుగులే తెచ్చి పెడుతుంది. 1960లో చీడల జాబితానుంచి పిచ్చుక పేరు కొట్టివేసి, నల్లిని చేర్చారు. కాని అప్పటికే ఆ దేశాన్ని ఘోరమైన కరువు పట్టి ఉన్నది. 1959నుంచి 1961దాకా సాగిన ఆ కరువులో కోట్ల మంది చనిపోయారు. దానికి ప్రభుత్వం చేసిన మరి ఎన్నో పొరపాట్లు కారణం. పిచ్చుకలను చంపటం వాటిలో ఒకటి.

చూశారా? లెక్క కట్టినవాళ్లు పిచ్చుక తిన్నదాన్ని రాశారుగాని, పిచ్చుక మిగిల్చినదాన్ని రాయలేదు. ఒక పక్కనే రాసిన పద్దు ఎప్పుడూ మోసమే చేస్తుంది.

జీతం లేని పనివాళ్లు

మన పెరటి పద్దు రెండు పక్కలా రాసి చూద్దాం. గోరింక మీ పండును పొడుస్తుంది. అదే గోరింక దున్నిన నేలలో పురుగులను ఏరుకుతింటుంది. గిజిగాడు జొన్నలు తింటాడు. కాని అందమైన గూటిలో ఉన్న పిల్లలకు పురుగులు తెచ్చి పెడతాడు. నల్లగా, తోక చీలి ఉండే పసులపోలిగాడు మీ కాయల జోలికే రాడు. ఎగిరే చీడలను గాలిలోనే పట్టుకుంటాడు. రాత్రివేళ గుడ్లగూబ ఎలుకలను పడుతుంది.

అందుకే రైతులు శనగచేలలో, వేరుశనగచేలలో అడ్డకర్ర కట్టిన గుంజలు పాతుతారు. పసులపోలిగాడు వాటిమీద కూచుని, కిందికి దూకి పురుగును పట్టి, మళ్లీ వచ్చి కూచుంటాడు. గింజపంటలలో అయితే, కంకి పాలుపోసుకునే వేళకు ఆ గుంజలు పీకెయ్యాలి. లేకపోతే గింజలు తినే పిట్టలకు కూడా అదే ఆసనం అవుతుంది. ఒకే పిట్టకు ఒక నెలలో స్వాగతం, ఒక నెలలో కాపలా! తగవు తీర్చటం అంటే ఇదే.

పిట్టలను పట్టి పంజరంలో పెట్టటం పరిష్కారం కాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకను పట్టటమూ, పెంచటమూ, అమ్మటమూ నేరం.

మీరే లెక్క రాయండి

ఏ ఉపాయం మీ పెరట్లో పనిచేస్తుందో ఇంకొకరు చెప్పనక్కరలేదు. మీరే పరీక్ష చెయ్యవచ్చు. ఒకే విధమైన రెండు మడులు, లేకపోతే రెండు పళ్లేలలో సమంగా గింజలు తీసుకోండి. వాటి మధ్య పది పన్నెండు అడుగుల ఎడం ఉండాలి. మొదటి మూడు రోజులూ ఏ ఉపాయమూ పెట్టవద్దు. రోజూ పొద్దున ఒకే సమయానికి, అరగంటసేపు, దూరంగా కూచుని ఒక్కొక్కదానిమీద ఎన్ని పిట్టలు వాలినవో నోటుబుక్కులో రాయండి. నాలుగో రోజున ఒకదాని దగ్గర మాత్రమే బొమ్మ నిలపండి. రెండోదాన్ని ఉన్నట్టే ఉంచండి. మరి పది రోజులు లెక్క రాయండి.

రెండోది ఎందుకా? పిట్టలు రాకపోవటానికి వాన కారణం కావచ్చు, పక్కింట్లో పండ్లు దొరకటం కారణం కావచ్చు. రెండు చోట్లా తగ్గితే అది బొమ్మ గొప్ప కాదు. బొమ్మ ఉన్నచోట మాత్రమే తగ్గితే, అది బొమ్మ గొప్ప. ఎన్నో రోజున పిట్టలు మళ్లీ వచ్చినవో మీ నోటుబుక్కే చెబుతుంది. ఆ నాటికి ముందురోజే బొమ్మను మార్చాలని మీకు తెలిసిపోతుంది.

బొంబాయిలో ఒక కుర్రవాడు బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతుమీద పసుపుపచ్చని మచ్చ ఉన్నది. అది ఏ పిట్టో తెలుసుకోవాలని అతడు దాన్ని తీసుకుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘానికి పోయాడు. అక్కడ అతనికి వరసలు వరసలుగా భద్రపరచిన పక్షులను చూపించారు. అతని జీవితమే మారిపోయింది. ఆయనే సలీం అలీ (1896–1987). 1931, 32లలో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి, అక్కడి పక్షుల లెక్క రాసినది ఆయనే. తుపాకి కంటె ప్రశ్న గొప్పది.

సంక్రాంతి రోజులలో కొత్త వరికంకులను కుచ్చుగా అల్లి, గుడి మండపంలోనో, ఇంటి చూరుకో వేలాడదీయటం మన ఊళ్లలో అలవాటు. పిచ్చుకలు వచ్చి వాటిని తింటవి. చేలో వడిసెల పట్టిన చెయ్యే ఇంటిదగ్గర కుచ్చు కడుతుంది. మీరు కూడా మడికి వల కట్టిన రోజున, కాస్త దూరంగా ఒక మూకుడులో నీళ్లూ, గుప్పెడు నూకలూ పెట్టండి. నీళ్లు మాత్రం రోజూ మార్చండి, లేకపోతే దోమలు చేరతవి.